ఈశ్వరి పెట్టిన చుక్కలు

యూనివర్సిటీ పోటీలకు వెళ్ళే రిలే జట్టులో తన పేరు లేదని ఈశ్వరి నోటీసు బోర్డు మీద చూసింది. ఒక్కొక్కరూ నాలుగు వందల మీటర్లు పరుగెత్తే రిలే అది. నలుగురికే చోటు. కోచ్ త్రినాథరావు ఆరు ట్రయల్స్ పెట్టి, ఒక్కొక్కరి సగటు తీసి ఎంపిక చేశాడు. నాలుగో స్థానంలో ఉన్న కంచరపాలెం అమ్మాయి పుష్ప సగటు అరవై ఐదు సెకన్లు. ఈశ్వరిది అరవై ఎనిమిది.

ఆ అంకె ఆమెకు మింగుడుపడలేదు. తను ఎన్నడూ అరవై ఎనిమిదిలో పరుగెత్తలేదు. భీమిలి సముద్రపు ఒడ్డున చేపల వేట సాగించే పోలిరాజు కూతురు ఆమె. నడక నేర్చిందే ఇసుకలో. రోజూ అరవై మూడు, అరవై నాలుగు దగ్గర గీత దాటుతోంది. మరి తనది కాని అంకె తన పేరు పక్కకు ఎలా వచ్చింది?

క్లాసు అయ్యాక స్టాటిస్టిక్స్ చెప్పే ధనలక్ష్మి మేడంని అదే అడిగింది. మేడం గ్రాఫ్ పేపర్ చేతిలో పెట్టి, ఆరు ట్రయల్సూ ఆరు చుక్కలుగా పెట్టమంది. ఐదు చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఆరోది ఎక్కడో పైన, ఎనభై తొమ్మిది దగ్గర. వాన కురిసిన రోజు మలుపులో జారిపడి, మోకాలు చెక్కుకుపోయి, కుంటుతూ పూర్తిచేసిన పరుగు అది.

"దీన్ని తీసేత్తానండి మేడం," అంది ఈశ్వరి.

"పడ్డావా, లేదా?"

"పడ్డానండి."

"అయితే అదీ నీదే. నచ్చని చుక్కని చెరిపేస్తే మిగతావాటిని ఎవరు నమ్ముతారు?"

చెరపకుండానే దారి చూపించింది మేడం. అంకెలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి, మధ్యలో ఏముందో చూడమంది. ఈశ్వరికి అరవై నాలుగు కనిపించింది. ఒక్క పెద్ద అంకె సగటును పైకి ఈడ్చుకుపోగలదు గానీ, ఆ మధ్య అంకెను, అంటే మధ్యగతాన్ని, అంత సులువుగా కదపలేదని మేడం వివరించింది. పుష్ప అంకెలకు సగటు తీసినా మధ్యగతం తీసినా అరవై ఐదే వచ్చింది.

ఈశ్వరి ఆ కాగితం పట్టుకుని గ్రౌండుకు వెళ్ళింది. త్రినాథరావు ఓపిగ్గా విన్నాడు. లెక్క బాగానే ఉందన్నాడు. ఒక్క సెకను తేడాతో జట్టు మార్చలేనని కూడా అన్నాడు. ఈశ్వరితో కలిపి భీమిలి వైపు నుంచి వచ్చే ముగ్గురమ్మాయిలూ జట్టులో ముందున్నవాళ్ళకంటే ఎప్పుడూ వెనకే ఉంటున్నారని, ఇసుకలో పెరిగిన కాళ్ళు ట్రాక్ మీద సాగవని ఆయన నమ్మకం. తుది ఎంపికకు ఇంకా నెల ఉంది కాబట్టి అంతవరకూ చూద్దామన్నాడు.

ఆ ఇసుక మాట చోటు పోయినదానికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఆమెకు. కాకపోతే కోపంతో ఏమీ తేలదు. ఆ ముగ్గురూ వెనకబడుతున్న మాట నిజమే. ఇసుక కాకపోతే ఇంకేమిటి?

ముగ్గురూ ఒకే బస్సులో గంటసేపు నిలబడి వస్తారు. దిగీ దిగగానే పరుగు మొదలు. పుష్పలా కాలేజీ ఉన్న ఊళ్ళోనే ఉండే అమ్మాయిలు అప్పటికే వచ్చి కాళ్ళు సాగదీసి, రెండు చుట్లు మెల్లగా తిరిగి ఉంటారు. ఆ రోజు నుంచి ఈశ్వరి ప్రతి అమ్మాయినీ పరుగుకు ఎంతసేపు ముందు వచ్చావని అడిగి గుర్తుపెట్టుకుంది. కొత్త గ్రాఫ్ మీద అడ్డంగా ఆ నిమిషాలు, నిలువుగా పరుగుకు పట్టిన సెకన్లు. చుక్కలు పెరిగేకొద్దీ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి ఒక వాలు కనబడింది. ముందు వచ్చినవాళ్ళకు తక్కువ సమయం పడుతోంది.

మేడం మెచ్చుకుంది గానీ ఆగమంది. రెండూ కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనలేం. త్వరగా వచ్చేవాళ్ళంతా ఊళ్ళోవాళ్ళే అయినప్పుడు, కోచ్ చెప్పే ఇసుక కూడా అదే వాలు వెనక దాక్కుని ఉండొచ్చు.

ఆ చిక్కు విప్పింది పుష్పే. భీమిలిలో పిన్ని ఇంట్లో పెళ్ళని వారం రోజులు అక్కడుండి, అదే బస్సులో వచ్చింది. ఆ వారమంతా ఆమె సమయం అరవై ఏడుకు తగ్గలేదు. చివరి రోజు బస్సు దిగుతూ తనే ఈశ్వరిని ఆపింది.

"నా చుక్కలు కూడా పెట్టు. నాను ఇసకలో పెరగలేదు కదా."

"ఇది సూపిత్తే నీ సోటు పోతాదేమో."

"పోతే పోనీ. పరిగెట్టి గెలిస్తే ఉంటాను."

ఈశ్వరి గ్రాఫ్ తీసుకెళ్ళి కోచ్ ముందు పరిచింది. ఈసారి ఆయన చాలాసేపు చూశాడు. ఇసుకతో సంబంధం లేని పుష్ప చుక్కలు భీమిలి అమ్మాయిల చుక్కల మధ్యే ఉన్నాయి. చివరికి ఆయనే ఒక మాటన్నాడు. ఇక నుంచి ఎవరు ఎప్పుడు వచ్చినా, అందరూ అరగంట ఒళ్ళు వేడెక్కించుకున్నాకే ట్రయల్. మిగతాదేదీ మార్చేది లేదు.

భీమిలి అమ్మాయిలు ముగ్గురి సమయాలూ తగ్గాయి. ఈశ్వరివి అరవై ఒకటికి దిగి అక్కడే నిలిచాయి. తుది జాబితాలో ఆమె పేరు వచ్చింది, అదీ చివరి చుట్టుకు. పుష్ప రిజర్వు అయింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి బ్యాటన్ అందుకోవడం సాధన చేద్దామంది.

పోటీ రోజు పోలిరాజు వేట మానుకుని మొదటిసారి స్టేడియానికి వచ్చాడు. ఈశ్వరి చేతికి బ్యాటన్ వచ్చేసరికి ముందు ఇద్దరున్నారు. మొదటి మలుపులో ఆమె తొందరపడలేదు. ఎదురు వైపు తిన్నని దారిలో ఒకరిని దాటింది. చివరి మలుపులో గాలి ముఖాన కొట్టింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన గాలే. దాన్ని భుజంతో చీల్చుకుంటూ రెండో అమ్మాయి పక్కకు చేరింది, అడుగు ముందుకేసింది, గీత దాటింది. గ్యాలరీలో కాలేజీ పిల్లలు బల్లలు చరిచారు. పుష్ప ట్రాక్ మీదకు దూకి ఆమెను ఎత్తుకుని తిప్పింది. త్రినాథరావు స్టాప్‌వాచ్ పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. అరవైకి లోపు.

పతకం మెడలో వేసుకుని ఈశ్వరి నాన్న దగ్గరకు పరుగెత్తింది. రెండో స్థానంలో వచ్చిన జట్టు గట్టిదని, ఆ అమ్మాయి చివర్లో ఎంత దగ్గరికొచ్చిందో చూశావా అని ఆయాసపడుతూ అడిగింది.

పోలిరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"రెండో పిల్ల ఎవులో నాకేటి తెలుసమ్మా," అన్నాడు. "నాను నిన్నే సూత్తన్నాను."