మొదటి ఫ్రేము

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ రోజు పొద్దున తాత తిన్నది కాస్త మాడిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు. పచ్చసొన మనవరాలు లాగేసుకుని తెల్లసొన ఆయనకు వదిలేసింది. తేదీ ఎందుకు గుర్తుందంటే, పిల్లను బడిలో చేర్చడానికి పాస్‌పోర్టు సైజు ఫొటో తీసింది ఆ రోజే. గుడ్డు ఎందుకు గుర్తుందంటే, ఆ తరవాత కొన్నాళ్ళపాటు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద సరిగ్గా దిగలేదు.

తాతది ఫొటో స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. చుట్టుపక్కల వీధుల్లో ఆయన ముందు కూర్చుని గడ్డం ఎత్తించుకోని మనిషి అరుదు. రెండు వేళ్ళు గడ్డం కింద ఆనించి, తలను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, "ఆ, అంతే, ఊపిరి బిగబట్టండి" అనేవాడు. భార్య బతికున్న రోజుల్లో ఎగతాళి చేసేది. "మీరు ఫొటోలు తీయరండీ, మెడలు సరిచేస్తారు. ఆ బోర్డు పీకేసి ఎముకల వైద్యశాల అని రాయించండి."

మనవరాలిని అందరూ గువ్వ అంటారు. ఆ ముద్దుపేరు పెట్టింది అమ్మమ్మే. గువ్వకు ఏడాది నిండిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. అల్లుడు దూరప్రాంతాలకు లారీ తోలతాడు, ఇంట్లో ఉన్న రోజులకన్నా రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. అందుకని కూతురూ గువ్వా తాత దగ్గరే ఉంటున్నారు.

ఆ రోజు గువ్వను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాడు. రెండు చెవులూ కనబడాలన్నది బడివాళ్ళ షరతు. తల నిటారుగా పెట్టి చెయ్యి తీశాడు. తల మెల్లగా ఎడమకు తిరిగిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిరిగింది.

"కదలకే తల్లీ."

"నేను కదలట్లేదు తాతా. తలే కదులుతోంది."

తాతకు నవ్వొచ్చింది. ఒక చేత్తో తల కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో, పిల్లల చూపు నిలపడానికి ఉంచుకున్న రబ్బరు బాతును గువ్వకు ఎడమపక్కగా జరిపాడు. "తల తిప్పకుండా బాతును చూడు, చూద్దాం."

కుడికన్ను బాతు వెంట వచ్చింది. ఎడమకన్ను మధ్యదాకా వచ్చి, మేకు కొట్టినట్టు అక్కడే ఆగిపోయింది.

వీధి చివర కళ్ళ డాక్టరు టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. కన్నును పక్కకు లాగే నరం పని చేయడం లేదన్నాడు. "పుట్టుకతో ఉన్నదైతే కంగారు లేదు. ఈమధ్య వచ్చిందైతే మాత్రం తలలో ఏదో ఆ నరాన్ని ఒత్తుతూ ఉండొచ్చు. పెద్దాసుపత్రిలో పిల్లల కళ్ళ డాక్టరుంది. ఆలస్యం చెయ్యకండి."

తలలో అన్న మాట తరవాత కూతురికి ఇంకేమీ వినబడలేదు. ఇంటికొచ్చాక మెట్ల మీదే కూలబడింది.

"పొద్దస్తమానం మనుషుల మొహాలేగా నువ్వు చూసేది నాన్నా! ఇంట్లో పిల్ల కన్ను కనబడలేదా?"

కాసేపటికి ఆమే ముక్కు తుడుచుకుంది. "నాకు మాత్రం కనబడిందా ఏంటి. మెడ అలా పెట్టడం దాని అలవాటనుకున్నా. పోనీలే, లోపలికి రా, మంచినీళ్ళు తాగు."

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కలానికి చిన్న బొమ్మ కోతి తగిలించుకుని ఉంది. గువ్వ ముందు దాన్ని అటూ ఇటూ ఆడించింది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. కోతిని కుడివైపుకు తీసుకెళ్ళినప్పుడు ముందుకు వంగి ఎడమకన్ను రెప్పల వంక తదేకంగా చూసింది. "ఇంకొక్కసారి" అనేసరికి గువ్వకు విసుగొచ్చి రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.

"ఆ కోతి నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదమ్మా, ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు, ఏం చేస్తాం" అని డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. కూతురి వైపు తిరిగింది. "నాకో అనుమానం ఉంది, మంచి అనుమానమే. కొందరు పిల్లలకు కడుపులో ఉండగానే ఆ నరం తయారు కాదు. డ్యూయేన్ సిండ్రోమ్ అంటారు. చాలా అరుదు. ప్రాణానికేమీ ఢోకా లేదు. కానీ పిల్ల ఇవాళ సరిగ్గా చూపించట్లేదు, ఊరికే మాట ఇవ్వలేను. నెలల పిల్లగా ఉన్నప్పటి ఫొటోలేమైనా ఉన్నాయా? అప్పుడు కూడా తల ఇలాగే పెట్టేదని తేలితే సగం బెంగ తీరిపోతుంది."

ఆ మాటకు కూతురు నవ్వింది, రెండు రోజుల తరవాత మొదటిసారి. "ఫొటోలా? మా ఇంట్లో గోడలకు సున్నం కనబడదు డాక్టరమ్మా."

మర్నాడు ఆల్బములన్నీ సంచిలో మోసుకెళ్ళారు. మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, మొదటి పుట్టినరోజు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూస్తూ పోయింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహంలో వెలుగు తగ్గింది.

"తల ఎక్కడా తిరిగి లేదు. కంట్లో దీపం పడి చిన్న మెరుపు చుక్క కనబడుతుంది చూడండి, అది రెండు కళ్ళలోనూ సరిగ్గా నడిమధ్యలో ఉంది. అంటే అప్పుడు కళ్ళు తిన్నగానే ఉన్నాయి." భూతద్దం పక్కన పెట్టింది. "ఇది తరవాత వచ్చినట్టే ఉందమ్మా. తలకు స్కాను తీయాలి. ఎల్లుండికి రాస్తాను. పిల్ల కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాల్సి వస్తుంది."

కూతురు చెయ్యి సంచి పిడి మీద బిగుసుకుంది. తాత బల్లమీది ఆ ఫొటోలను చూశాడు. ఎంత చక్కగా ఉన్నాయని ఎందరో మెచ్చుకున్న ఫొటోలు.

"డాక్టరమ్మా, ఆ చుక్కలు నేను పెట్టినవి."

"అంటే?"

"సన్న కుంచెతో, ప్రింటు మీద. మా దగ్గరికొచ్చే అందరికీ పెడతాను. కళ్ళకు జీవం వస్తుందని."

"మరి తల?"

"తల కూడా నేను పెట్టిందే."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "తాతగారూ, మీ పనితనం నా పీకలమీదికి తెచ్చింది. మీ చెయ్యి పడని ఫొటో ఒక్కటి, ఎంత పాడైపోయిందైనా సరే, ఉందా?"

లేదన్నాడు. పాడైపోయినవి ఉంచుకునే మనిషి కాదు ఆయన.

బస్సులో గువ్వ తల్లి ఒడిలో నిద్రపోయింది. ఇంకో రెండు స్టాపుల్లో దిగుతారనగా తాత ఉన్నట్టుండి కూతురి మోచెయ్యి పట్టుకున్నాడు.

"మొదటి ఫ్రేమే!"

"ఏంటి నాన్నా?"

"లైటు చూసుకునే ఫ్రేము. అమ్మ కూర్చునేది కదా!"

ఆయన పద్ధతి ఒకటుంది. ఎవరు ఫొటోకు వచ్చినా ముందు ఆ కుర్చీలో భార్య కూర్చునేది. దీపాలు సరిపోయాయో లేదో చూడ్డానికి ఆమె మీద ఒక ఫ్రేము తీసి, ఆ తరవాత వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేవాడు. గువ్వకు తీసేటప్పుడైతే పిల్లను ఒడిలో పెట్టుకునే కూర్చునేది. ఆ మొదటి ఫ్రేమును ఎప్పుడూ ప్రింటు వేయలేదు, దాని మొహం చూసినవాడూ లేడు. కానీ ఫిల్ము ముక్కలో మంచి ఫ్రేముల పక్కనే అదీ అతుక్కుని ఉంటుంది. అదొక్కటీ కత్తిరిస్తే మిగతావి పట్టుకోవడానికి అంచుండదని ఆమె ఎప్పుడూ కత్తిరించనిచ్చేది కాదు.

నెగెటివులుండేది మెట్ల కింది గదిలో. ఆ గది ఆవిడ రాజ్యం. ప్రతి ముక్కనూ పల్చటి కాగితపు కవరులో పెట్టి, పైన గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, అరల్లో సర్దేది. ఆవిడ పోయాక తాత దానికి తాళం వేశాడు. తరవాతి నెగెటివులన్నీ స్టూడియోలో అట్టపెట్టెల్లో పేరుకుపోతున్నాయి. తాళంచెవి మేకుకే ఉంది. తీసేవాళ్ళే లేకపోయారు.

తలుపు కాస్త మొరాయించి తెరుచుకుంది. పాత కాగితం వాసన, కర్పూరం వాసన. పురుగు పట్టకుండా ఆవిడ అర అరకీ ఒక బిళ్ళ పెట్టేది. గువ్వ కవర్లు కంటికి ఎదురుగా ఉన్న అరలోనే ఉన్నాయి. తాత అద్దపు పెట్టెలో దీపం వేసి, దానిమీద మూడో నెల ముక్క పరిచాడు. ముక్క చుట్టుకుపోతోంది. కూతురు అందుకుని అంచులు అదిమి పట్టుకుంది.

నెగెటివును ఏ వైపు పట్టుకోవాలో తాతకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా ఆ రోజు తిప్పి తిప్పి చూశాడు. ఎడమ కుడై, కుడి ఎడమైతే కొంప మునుగుతుంది.

మొదటి ఫ్రేములో భార్య కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో గువ్వ. గడ్డం ఎవరూ పట్టుకోలేదు. పిల్ల మొహం పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. కళ్ళు రెండూ ఓరగా కెమెరానే చూస్తున్నాయి.

ఆరో నెలదీ అంతే. తొమ్మిదో నెలదాన్లో భార్య పిల్లకు కుడిపక్కన గిలక్కాయ ఆడిస్తోంది. పిల్ల దాన్ని చూస్తోంది. ఎడమకన్ను మాత్రం సగానికి ముడుచుకుని లోపలికి పోయినట్టుంది. పైన భార్య తన మెడ కూడా పిల్లలాగే ఎడమకు వాల్చి నవ్వుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఆ కుర్చీలోంచే అంది ఆమె, "చూడండి, గువ్వ చూసినట్టే మెడ తిప్పి ఎలా చూస్తుందో!" ఆయన కెమెరా వెనకనుంచి అన్నమాటా గుర్తొచ్చింది. "సరేలే, ముందు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టు."

"అమ్మ చూసింది నాన్నా" అంది కూతురు.

"చూసింది."

ఆ సాయంత్రమే ప్రింట్లు వేశాడు. ఎర్రదీపం కింద, మందునీళ్ళ పళ్ళెంలో ముందు గిలక్కాయ తేలింది, తరవాత భార్య చెయ్యి, తరవాత పిల్ల మొహం. కూతురు పక్కనే నిలబడి ఉంది.

"చుక్కలు పెట్టకు నాన్నా."

"కుంచె పైనే వదిలేసొచ్చానే తల్లీ."

పొద్దున తలుపులు తెరిచే వేళకే ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరమ్మ మూడు ప్రింట్లనూ వరసగా పెట్టుకుంది. గిలక్కాయ ఉన్న ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదిగో! మొన్న నేను చూడాలనుకున్నది ఇదే. కుడికి చూస్తే ఎడమకన్ను ముడుచుకుని వెనక్కి పోవడం."

ఈసారి కోతి లేదు. తాత జేబులోంచి రబ్బరు బాతు తీశాడు. బాతంటే గువ్వకు అభ్యంతరం లేదు. ఎంతసేపైనా చూసింది. డాక్టరమ్మ తృప్తిగా వెనక్కి వాలి, ఎల్లుండికి రాసిన స్కాను కాగితాన్ని రెండుగా చించింది.

"డ్యూయేనే. పుట్టుకతోనే ఉంది, తలలో ఏమీ లేదు. ఆ నరం లేకపోతే పక్కనరం నుంచి ఒక పాయ వచ్చి దాని పని చెయ్యబోయింది, కాస్త తప్పుగా చేస్తోంది, అంతే. రెండు కళ్ళకూ చూపు బాగుంది. ఆపరేషను అక్కర్లేదు. ఏడాదికోసారి తీసుకురండి. తరగతిలో ఎడమ చివర కూర్చోబెట్టమనండి, బోర్డు కుడివైపుకు ఉంటే మెడ తిప్పే పని తగ్గుతుంది. ఇంకో మాట తాతగారూ..."

"చెప్పండమ్మా."

"తల సరిచెయ్యకండి. అలా తిప్పుకుంటేనే దానికి రెండు కళ్ళూ కలిసి పని చేస్తాయి. ఎవరూ చెప్పకుండానే, పాలు తాగే వయసులో కనుక్కుంది."

కూతురు వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది. తాత పిల్లను ఎత్తుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. అటుగా వెళ్తున్న నర్సు ఆగి, ఏమీ అడక్కుండా, ఒక కుర్చీ తెచ్చి కూతురి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అల్లుడు ఏదో ఊరి పెట్రోలు బంకు నుంచి ఫోను చేసి గువ్వతో చాలాసేపు మాట్లాడాడు. అందరూ కడుపునిండా తిన్నారు. కూతురు పిల్లను పడుకోబెడుతుంటే తాత కిందికి దిగి, మెట్ల కింది గదిలో దీపం వేశాడు.

చేతికందిన కవరొకటి తీశాడు. ఎవరో కొత్త దంపతులు. వాళ్ళకన్నా ముందు, మొదటి ఫ్రేములో, ఆమె. ఇంకోటి తీశాడు. ఎవరో పోలీసాయన. ఆయనకు ముందూ ఆమే. ఒకచోట ఆవలిస్తోంది. ఒకచోట జడ ముందుకేసుకుని ఉంది. మరొకచోట కొత్త కళ్ళజోడు పెట్టుకుని, కెమెరా వెనకున్న మనిషిని ఏదో అంటోంది, నోరు సగం తెరిచి ఉంది. ఇంతకాలం తన దగ్గరున్నది గోడమీది ఆమె ఫొటో ఒక్కటే అనుకున్నాడు, తాను గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టించి, చుక్కలు పెట్టినది. ఈ గది నిండా ఆమె ఊపిరి తీసుకుంటూ కూర్చుని ఉందని తెలియదు.

ఇంకో కవరు మీద చెయ్యి వేసి ఆగాడు. అన్నీ ఒక్క రాత్రే చూసేస్తే రేపటికేముంటుంది?

పైనుంచి గువ్వ గొంతు వినబడింది. "తాతా, పడుకోవా?"

"నువ్వు పడుకోలేదేం?"

"నువ్వొస్తే పడుకుంటా."

"వస్తున్నానే."

కవర్లు ఎక్కడివక్కడ పెట్టాడు. దీపం ఆర్పాడు. లోపల ఎవరో అప్పుడే నిద్రలోకి జారుకున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూశాడు. తాళం వేయలేదు.