మూడో వరుస చివరి కుర్చీ

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి మూడే. షికాగో దక్షిణ పేటలో మూతపడిన సోఫాల కొట్టు, అంత్యక్రియల హాలు వాళ్లనడిగి తెచ్చిన నలభై మడత కుర్చీలు, ఆడెల్ క్రూమ్ రాసిన నాటకం. నల్లవాళ్ల కథలకు గిరాకీ లేదన్నారు. సరుకు మంచిదైతే బేరం దానంతటదే వస్తుందన్నాను.

రిహార్సల్స్‌లో ఆడెల్ మూడో వరుస చివర కూర్చునేవాడు. నటులు మాట మారిస్తే నోరు విప్పడు, కుర్చీ కిర్రుమనిపిస్తాడు. వాళ్లు దిద్దుకునేవాళ్లు.

నాటకంలో, మిసిసిపీలో ఒక నల్ల కుటుంబం పొలం లాక్కున్న దొర ముసలితనంలో క్షమించమని ఆ ఇంటి తల్లి దగ్గరికి వస్తాడు. తల్లి మాట్లాడకుండా తలుపు వేసేస్తుంది. నాటకం అక్కడితో అయిపోతుంది. డౌన్‌టౌన్ పెద్ద థియేటరు యజమాని, "ఆమె క్షమిస్తే మా దగ్గర ఆడిద్దాం" అన్నాడు. ఆడెల్ ఒప్పుకోలేదు. ఆ చలికాలమే నిమోనియాతో పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందే, తల్లి క్షమించేలా చివరి పేజీ మార్పించాను.

మొదటి ఆట ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి ఆడవాళ్లు టోపీలతోనే వచ్చారు. థియేటరు యజమానిని ఆడెల్ కుర్చీలోనే కూర్చోబెట్టాను. తల్లి వేషం ఆడెల్ అక్క వెర్లీన్‌ది. తెర లేవకముందు ఆమె నన్నడిగింది.

"పోయినవాళ్లను తలిచేటప్పుడు మావాడి పేరు పిలుస్తావా, లూషియస్?"

"పిలవకుండా ఎలా ఉంటానక్కా?"

"పిలిస్తే వస్తాడు. వస్తే వింటాడు. చూసుకో మరి!"

ఆటకు ముందు వేదిక మీది మొక్క కుండీలో నీళ్లు పోస్తూ పోయినవాళ్ల పేర్లు పిలవడం మా ఆనవాయితీ. ఒక్కో పేరుకూ హాలంతా "అషే", అంటే తథాస్తు, అంటుంది. ఆ రోజు ఆడెల్ పేరు మరిచిపోయాను.

చివరి రంగంలో వెర్లీన్ "నిన్ను క్షమించాను" అంది. కుర్చీ కిర్రుమంది. అందులో యజమాని రాయిలా కదలకుండా ఉన్నాడు. మళ్లీ అంది. మళ్లీ కిర్రు. ఆమె తెర పక్కనున్న నావైపు చూసి ఆగిపోయింది.

చెంబులో మిగిలిన నీళ్లతో వేదిక మీదికి వెళ్లాను. "ఆడెల్ క్రూమ్!" అంటూ కుండీలో పోశాను.

"అషే!" అంది హాలంతా.

వెర్లీన్ తలుపు వేసేసింది. కిర్రు ఆగింది.

"చేతికందిన బేరం చెడగొట్టుకున్నావు కదయ్యా!" అని యజమాని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ కొట్టులోనే ఇరవై రెండేళ్లు మా కథలు ఆడించాను. ముప్పై తొమ్మిది కుర్చీలు తిరిగిచ్చేశాను. మిగిలినదాని పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. పైన "మరిచిపోయాను" అని రాసినప్పుడు అది కిర్రుమంది. నిజమే, మరవలేదు. కావాలనే దాటేశాను.

నాకు మిగిలింది ఆ కుర్చీ. దాని ముందు ఇప్పటికీ ఒక్క అబద్ధమూ చెల్లదు.