మూసిన ఎడమ కన్ను

శౌరయ్య మాస్టారు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. గ్యాస్ బండ వస్తే సీలు చూసి, కుదిపి, తూకం వేయించి గాని గుమ్మం దాటనివ్వడు. చర్చిలో చందాల పళ్లెం తన ముందు నుంచి కదిలాక అది ఎవరి చేతుల్లోకి పోయిందో మెడ తిప్పి మరీ చూస్తాడు. ఇరవై రెండేళ్లు ఆర్మీలో పనిచేసి వచ్చి, ఇప్పుడు కంకిపాడు రైఫిల్ క్లబ్బులో పిల్లలకు గురి నేర్పుతున్నాడు. వాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం కూడా అదే: ఎవరి మాటా నమ్మకు, నీ కళ్లతో చూసుకో.

అనుమానం పెనుభూతం అంటారు. రెండు వారాల కిందట ఆ భూతం ఆయన దగ్గర నేర్చుకునే హెలెన్ మీద పడింది. టెలిస్కోపులో చూస్తే ఆ పిల్ల షాట్ నడుమకు దూరంగా, ఎనిమిదో గీత మీద కనబడింది. ఆ పిల్ల వెళ్లి గురి కార్డు తెస్తే చిల్లు నట్టనడుమ ఉంది. ఇలా మూడుసార్లు జరిగింది. "ముందే కొట్టి దాచుకున్న కార్డు తెచ్చి మార్చావు," అన్నాడాయన అందరి ముందూ. వాళ్లమ్మ దానమ్మ వచ్చి బతిమాలినా వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. జిల్లా సెలక్షన్ జాబితా ఇప్పుడాయన చొక్కా జేబులో ఉంది, హెలెన్ పేరు కొట్టేసి. సాయంత్రం అయిదింటికల్లా జిల్లా సంఘానికి ఇచ్చేయాలి. ఇచ్చాడంటే ఆ పిల్లకు ఈ ఏడాది ఆట లేనట్టే.

ఈలోగా క్లబ్బు యజమాని కొడుకు హర్షవర్ధన్ ఆయన్ని విజయవాడ వన్ టౌన్‌లోని ఓ స్పోర్ట్స్ షాపుకి తీసుకొచ్చాడు. ఆదివారాలు సరదాగా వచ్చి కాల్చేవాళ్లకు మామూలు గురి కుదరడం లేదట. తుపాకీ మీద బిగిస్తే అద్దంలో ఎర్ర గుర్తు చూపించే సైట్ కొనాలి. ఏది కొనాలో మాస్టారే తేల్చాలి.

షాపు బసవయ్య రెండు పెట్టెలు తెరిచాడు. "చిన్నది రెడ్ డాటండి. చుక్క ఒక్కటే పడుద్ది. బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తది. ఈ పెద్దది హాలోగ్రాఫిక్. వలయం, మధ్యలో చుక్క. అద్దం సగం మూసినా గుర్తు చెదరదు చూడండి," అంటూ అద్దానికి బొటనవేలు అడ్డం పెట్టాడు. "కాకపోతే బ్యాటరీ తొందరగా తాగేస్తది."

లోపం తనంతట తానే చెప్పే వ్యాపారిని శౌరయ్య ఎన్నడూ చూడలేదు. ఇందులో ఏదో ఉందనుకున్నాడు. పైగా హర్ష ఆ బసవయ్యతో తెగ నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

చిన్నది తీసుకుని, అలవాటుగా ఎడమ కన్ను గట్టిగా మూసి చూశాడు. చుక్క చుక్కలా లేదు. తడి వేలితో నలిపిన కుంకుమలా ఒక పక్కకు సాగింది. పెద్దది చూశాడు. వలయానికి తోక వచ్చింది.

"రెండూ డూప్లికేటే!" అని బల్ల మీద పెట్టేశాడు.

హర్ష అందుకుని చూశాడు. "గుండ్రంగానే ఉంది కదా మాస్టారూ?"

"నీకలాగే ఉంటుందిలే బాబూ."

బసవయ్య కోపం తెచ్చుకోలేదు. ఫోను కెమెరా అద్దం వెనక పెట్టి ఫోటో తీసి చూపించాడు. అందులో వలయం గీసినట్టు ఉంది. "ఈ ఫోన్లు వాటంతటవే సర్ది చూపిస్తాయి, నాకు తెలీదా?" అన్నాడు శౌరయ్య.

"మాస్టారండీ, మీరు ఒంటి కన్నుతో చూస్తన్నారు. వీటిని రెండు కళ్లూ తెరిచి చూడాలండి."

శౌరయ్యకు ఒళ్లు మండింది. నాకు గురి నేర్పుతావా అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎడమ కన్నుకు ఒకటే ఉద్యోగం, మూసుకుని ఉండటం. వీడి మోసం వీడి ముందే తేల్చేద్దామని పెద్దది అందుకుని రెండు కళ్లూ తెరిచాడు. వలయానికి తోక అలాగే ఉంది. పంతం కొద్దీ అద్దాన్ని ఎడమ కంటి ముందుకు జరిపి, కుడి కన్ను మూశాడు. తోక పోయింది. వలయం చక్కగా నిలబడింది.

మళ్లీ మార్చి చూశాడు. మళ్లీ తోక వచ్చింది.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయనే పిల్లలకు పదిసార్లు చెప్పి ఉంటాడు. చెడింది కుడి కన్ను. ఆ కన్నే టెలిస్కోపుకి ఆనించి ఇన్నాళ్లూ తీర్పులు చెప్పాడు. నట్టనడుమ పడ్డ చిల్లు కూడా దానికి పక్కకు జరిగి కనబడింది. మిగతా పిల్లల షాట్లు ఎటూ చెదిరిపోయేవి కాబట్టి తేడా తెలియలేదు. హెలెన్ ఒక్కతే నట్టనడుమ కొట్టింది, అందుకే దొంగైంది. ఆ పిల్ల ఆ రోజు ఏడవకుండా తన మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"పెద్దదే ఇవ్వు బసవయ్యా," అన్నాడు మెల్లగా. "కొత్తవాళ్లకు వలయమైతే తేలిక. నిన్ను అనవసరంగా అన్నాను."

నాలుగింటికి భవానీపురంలో హెలెన్ వాళ్ల తలుపు తట్టాడు. ఆ పిల్లే తీసింది. లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదమ్మా. నా కన్ను పాడైంది. నువ్వు కార్డు మార్చలేదు. రేపు క్లబ్బులో అందరి ముందూ చెబుతాను," అని, పేరు మళ్లీ రాసిన జాబితా చూడమని చేతికిచ్చాడు.

ఆమె నవ్వలేదు. కాగితం ముందు చూసింది, వెనక చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. అచ్చం ఆయన నేర్పినట్టే.

"కొట్టేసిన పేరు మీద మళ్లీ రాస్తే రేపు ఎవరైనా కాదంటారు మాస్టారండీ. పక్కన మీ సంతకం లేదు. నా ముందే పెట్టండి. ఫోటో తీసుకుంటాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం గోడకు ఆనించి, కుడి కన్ను మూసుకుని సంతకం పెట్టాడు.