సైరన్ మెడలో గుమ్మడికాయ

నేను ఒక సైరన్‌ని. పళ్ళెమంత మూతి, పావురమంత ఒళ్ళు. గ్రంధి సోమలింగం గారి మేడకి వీధి గుమ్మం పైన, సజ్జ కింద బిగించారు నన్ను. మేడ ముందు గేటు, గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే పంటకాలవ. ఈ మూడూ గుర్తుంచుకోండి.

పుట్టింది బెజవాడలో, ఒక రేకుల షెడ్డులో. నన్ను చేసిన మేస్త్రీ మొదటిసారి స్విచ్చి నొక్కినప్పుడు పక్క వీధిలో పెళ్ళి జరుగుతోంది. నా కేకకి పెళ్ళికొడుకు ఉలిక్కిపడి మూడు ముళ్ళకి బదులు ఆరు వేసేశాడు. ఆ దంపతులు ఇప్పటికీ కలిసే ఉన్నారంటే ఆ పుణ్యం నాదే. నమ్మకపోతే పోనీండి, మేస్త్రీ లేడు, షెడ్డూ లేదు, సాక్ష్యానికి మిగిలింది నేనే.

సోమలింగం గారిది ఇత్తడి సామాన్ల కొట్టు. ఇంటి మీద దొంగలు పడతారని ఆయనకి బెంగ. గేటుకి, పెరటి తలుపుకి, కిటికీలకి తీగలు లాగించి నాకు కలిపించారు. ఏది కదిలినా నేను అరవాలి. అరిచాను. పిల్లికి అరిచాను, మేకకి అరిచాను, కరెంటు పోయి వచ్చినా అరిచాను. దొంగ మాత్రం ఒక్కడూ రాలేదు. నా గొంతు విని జిల్లాలో దొంగలంతా దొంగతనం మానేసి కొబ్బరితోటలు కౌలుకి తీసుకున్నారని నా నమ్మకం.

కానీ నేను నోరెత్తితే వీధంతా పరిగెత్తుకొచ్చేది. ఎదురింటి సూరమ్మ రోకలితో, పక్కింటి పోస్టుమాస్టరు సగం గీసిన గడ్డంతో.

"మళ్ళీ పిల్లేనేటండీ? దీనికి కాస్త దగ్గుమందు పొయ్యండి బాబూ!" అని సూరమ్మ నన్ను తిట్టి, మజ్జిగ తాగి వెళ్ళేది.

మనవరాలు లోహితకి నడక వచ్చాకే నా ఉద్యోగానికి ఒక అర్థం ఏర్పడింది. ఆ పిల్లకి కాలవలో బాతులంటే ప్రాణం. గేటు తోయడం ఆలస్యం, నేను కేక అందుకునేవాణ్ణి. నలుగురూ వచ్చి పిల్లని ఎత్తుకునేవారు.

కిందటి వేసవిలో కోడలు నీరజ అంది: "మామయ్యగారూ, కెమెరా పెట్టిద్దామండీ. గేటు దగ్గర ఎవరు మసిలినా మీ ఫోనుకే చెబుతుంది. వీధిని లేపక్కర్లేదు."

ఒక కుర్రాడొచ్చి గేటు స్తంభానికి కెమెరా పెట్టాడు. నా తీగలు కత్తిరించాడు. "దీన్ని తీసెయ్యమంటారాండీ?" అని అడిగాడు.

"ఉంచవయ్యా. దీనికి నోరు పడిపోయిందని దొంగెదవకి తెలుస్తాదేటి?" అన్నారు సోమలింగం గారు.

అలా నేను దిష్టిబొమ్మనయ్యాను.

కొత్త వస్తువు ఇంటికొస్తే దిష్టి తీయకుండా ఊరుకుంటారా? ఆయన భార్య మాణిక్యాంబ గారు పసుపు రాసి, బొట్లు పెట్టి, బూడిద గుమ్మడికాయని గేటు కమానుకి కట్టించారు. సరిగ్గా కెమెరా కంటికి ఎదురుగా. ఇక ఆ కెమెరాకి లోకమంటే గుమ్మడికాయే. గాలికి కాయ ఊగినప్పుడల్లా గేటు దగ్గర ఎవరో ఉన్నారని ఫోను మోగేది.

"ఎవరండీ?" అని కొట్లో బేరగాళ్ళు అడిగేవారు.

"మా గుమ్మడికాయండి. షికారుకి బయల్దేరిందంట!"

ఇంటికొచ్చి, "ఏవే, ఆ కాయ తీయించవే" అన్నారు.

"దిష్టికాయ తీస్తారా ఎవరన్నా? మీ కెమెరానే జరుపుకోండి."

"దానికి మళ్ళీ ఆ కుర్రోడు రావాల."

"అయితే రమ్మనండి."

కుర్రాడు రాలేదు, కాయ జరగలేదు. సోమలింగం గారు ఫోను గొంతు నొక్కేసి సొరుగులో పడేశారు. ఇంట్లో నోరున్నది ఇంకేదీ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం మాణిక్యాంబ గారు వంటింట్లో చింతపండు పిసుకుతున్నారు. నీరజ కాలేజీలో పాఠం చెబుతోంది. లోహిత వచ్చి గేటు తోసింది. తీగల మొండేలతో నేను చూస్తున్నాను. పిల్ల రోడ్డు దాటింది. ఉన్న బలమంతా మూతిలోకి తెచ్చుకున్నాను. కిచ్చుమని కూడా అనలేకపోయాను. పిల్ల రేవు మెట్టు దిగింది. బాతులు అవతలికి జరిగాయి. ఇంకో మెట్టు దిగింది. పాదం తడిసింది. పెళ్ళికొడుకుని అదరగొట్టినవాణ్ణి, ఒక పసిదాన్ని "ఆగు" అనలేకపోయాను.

గాలికి గేటు విసురుగా వచ్చి స్తంభానికి కొట్టుకుంది. తొడిమ కుళ్ళి ఉన్న గుమ్మడికాయ ఆ అదురుకి ఊడి, గేటు కింద గచ్చు మీద ధబ్బుమని పగిలింది.

"అయ్యో, దిష్టికాయ!" అంటూ మాణిక్యాంబ గారు చింతపండు చేత్తోనే బయటికొచ్చారు. ఊగుతున్న గేటు చూశారు. తర్వాత ఆవిడ పరిగెత్తిన తీరు చూస్తే ఆవిడకి మోకాళ్ళ నొప్పులని ఎవరూ అనరు. మోకాలి లోతు నీళ్ళలో నుంచి పిల్లని లాగి గుండెకి అదుముకున్నారు.

సాయంత్రం వీధంతా చేరింది. "ఆ సైరనుకి నోరుండుంటే నేనే వచ్చేదాన్ని గదండీ" అని సూరమ్మ కళ్ళొత్తుకుంది. సోమలింగం గారు తలెత్తి నన్ను చాలాసేపు చూశారు. నా తీగల చివరలు జిల్లుమన్నాయి.

"నిజమే. దీన్నీ వాడాల" అన్నారు.

మర్నాడు గేటుకి కొత్త గుమ్మడికాయ, నా మెడకి ఇంకోటి కట్టించారు. పిల్లని కాపాడింది కాయే కదా, ఇంటికి రెండుండడం మంచిదట.

గేటుకి గడియ పెట్టాలంటే మళ్ళీ ఆ కుర్రాడే రావాలి. అందాకా మాణిక్యాంబ గారు చీరపేలికతో మూడు ముళ్ళు వేశారు. లోహిత రోజూ అక్కడ కూర్చుని, బాతులు చూస్తూ, వేళ్ళతో కెలుకుతూ ఉంటుంది. నిన్న ఒక ముడి ఊడింది. నా మెడలో కాయ పచ్చిగా, గట్టిగా ఉంది. ఇప్పట్లో కుళ్ళేలా లేదు.

ఆవిడ ఆ ముళ్ళు వేస్తున్నప్పుడు నాకు నోరుంటే ఒక్కసారి అరిచేవాణ్ణి. ఉలిక్కిపడి ఆరు వేసేవారు.