మీకేమనిపిస్తోంది?

మా ఆయన దగ్గరికి జనం ఏడవడానికి వస్తారు. ఆయన కౌన్సెలర్, మా ముందుగదే ఆయన కన్సల్టింగ్ రూము. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. గోడ పలచన. మాటలు తెలియవుగానీ ఏడుపు మాత్రం వంటింట్లోకి బాగానే వినిపిస్తుంది. "ముసుగు తీసేయండి, మీరు మీరుగా ఉండండి" అన్నది ఆయన చెప్పే మంత్రం. దాంతో బాగుపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు, కాదనను. కాపురం చేయవలసింది మాత్రం నేను.

కూరలో ఉప్పెక్కువైందా అని అడిగితే "ఎక్కువైందేమోనని నీకనిపిస్తోంది" అంటారు. ఎదుటివాళ్ల మాటనే మెత్తగా తిప్పి చెప్పడం వాళ్ల విద్యలో ఒక భాగమట. "చిలకని పెంచుకున్నా ఈపాటికి సొంతంగా ఓ మాట అనేది" అని దెప్పేదాన్ని. నవ్వేసి ఊరుకునేవారు.

నేను కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తాను. అద్దం మార్చి "ఇందాకటిది బాగుందా, ఇదా?" అని అడిగితే, మసకగా కనిపిస్తున్నా సగంమంది నన్ను మెప్పించడానికి బాగుందనేస్తారు. గొంతు వింటే నాకు తెలిసిపోతుంది. అందుకేనేమో, నా రొమ్ములో గడ్డ క్యాన్సరేనని రిపోర్టు వచ్చిన సాయంత్రం ఆయన గొంతు వినగానే నాకు ఒళ్లు మండింది.

ఆయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు.

"నీకేమనిపిస్తోంది?"

"చచ్చిపోతానేమోననిపిస్తోంది."

"ఊఁ. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

"నేను మీ పేషెంటుని కాదండీ. పెళ్లాన్ని."

"కోపంగా కూడా ఉంది," అన్నారు ఇంకా మెత్తగా.

ఆ తర్వాత వంక పెట్టడానికి లేకుండా చూసుకున్నారు. పరీక్షలన్నిటికీ వెంట వచ్చారు. సర్జన్ని అడగవలసినవన్నీ అడిగారు. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మా చెల్లెలు అది చూసి "బావగారిలాంటి మనిషి ఎవరికి దొరుకుతారే అక్కా" అని కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ చెయ్యి డ్యూటీలో ఉన్నట్టనిపించింది. నాక్కావలసింది ఒక్కటే. ఆయన భయపడాలి. నాతోపాటు, నాకోసం. వెక్కి వెక్కి ఏడిస్తే మరీ మంచిది.

ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరే ముందురోజు మధ్యాహ్నం, ఒక పేషెంటు వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు, ముందుగదిలోకి వెళ్లి, పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.

"నాదంతా చెప్పేశాను. మీకేమనిపిస్తోంది?"

"నీకు తెలుసుకోవాలని..."

"చిలకపలుకులొద్దు. మీరు మీరుగా చెప్పండి."

మెత్తదనమంతా పోయిన గొంతుతో, పెళ్లయిన కొత్తలో నేనెరిగిన గొంతుతో అన్నారు.

"ఏమీ అనిపించట్లేదు."

నేను ఆయన మొహంలోకి చూశాను.

"రిపోర్టు చూసినప్పటి నుంచీ వెతుక్కుంటున్నాను. ఏడుద్దామని బాత్రూములోకి వెళ్లి నిలబడ్డాను. రాలేదు. నీ విషయంలోనే కాదు. వీళ్లంతా ఇక్కడ కూర్చుని ఏడుస్తుంటే కూడా అంతే. ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడో కూడా తెలీదు."

అబద్ధం కాదు, నాకు తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఆ మెత్తటి మాటల వెనకాల నాకోసం ఏదో దాచుకున్నారనీ, గట్టిగా అడిగితే బయటపడుతుందనీ అనుకున్నాను. ఆయన మొహం బరువు దించుకున్నట్టు తేలికపడింది. ఆ కుర్చీలో కూర్చుని నేనే ఆయనకి వైద్యం చేసినట్టున్నాను. ఆ మొహం చూస్తే నాకు అసూయ పుట్టింది.

"మరి రేపెందుకు వస్తున్నారు?"

"రావాలి కదా."

"రండి. కానీ చెయ్యి పట్టుకోకండి. అనిపించనిది చెయ్యకండి."

"సరే," అన్నారు. బెల్లు మోగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆయన పక్కనే నడిచారు. థియేటర్ తలుపు దగ్గర నర్సు "మీరిక్కడే ఆగిపోవాలండీ" అంది. అప్పుడు పట్టుకుంది నన్ను భయం. నిజం ఎవడిక్కావాలి, అబద్ధమైనా సరే అనిపించి దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపాను.

ఆయన నా చెయ్యి వంక చూశారు. ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగారు.

"వద్దన్నావు కదా," అన్నారు ఎంతో నిజాయితీగా.

నర్సు స్ట్రెచర్ని లోపలికి తోసింది.