ఉడుత దొరలు

ఖతార్‌లోని ఉమ్ సలాల్‌లో తెల్లారేసరికే మౌలాలి కాప్రిస్ కారు మీది దుమ్ము తుడిచి, వెస్లీ సారుకు నల్లచాయ్ పెట్టేవాడు. అంతలో గేటు బయట బకెట్ల చప్పుడు మొదలయ్యేది. తాగేనీళ్ళ ట్యాంకు ఒక్కటే. విల్లా వెనక గదిలో ఉండే మౌలాలి లాంటి కడప డ్రైవర్లకూ అదే, రోడ్డవతల క్యాంపులోని నిజామాబాద్ కూలీలకూ అదే. తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొచ్చే రోజులవి. అయినా సరే, నీళ్ళ దగ్గర మాత్రం ఎవడూ తగ్గేవాడు కాదు.

ఒక సాయంత్రం మౌలాలి బావమరిది రసూలూ, క్యాంపు మనిషి లింబాద్రీ చొక్కాలు పట్టుకున్నారు. వెస్లీ సారు బయటికొచ్చి అందరినీ చాప మీద కూర్చోబెట్టాడు. ఆయన గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, ఓక్లహోమా నుంచి వచ్చిన చికసా మనిషి. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉన్న జాతుల్లో వాళ్ళదొకటి. సారు సగం హిందీ, సగం ఇంగ్లీషులో చెప్తుంటే మౌలాలి తెలుగు చేశాడు.

"వీళ్ళ పెద్దలు వేరే జాతితో స్నేహం కలిపితే, అవతలోళ్ళలోనే ఒకణ్ణి ఎంచుకునేవాళ్ళంట. వాణ్ణి ఉడుత దొర అంటారంట. తనోళ్ళ మధ్యన కూర్చోని ఇవతలోళ్ళ తరపున మాట్లాడేదే వాని పనంట."

ఉడుతకు దొరతనమేందని అందరూ ఒకటే నవ్వు.

"తనోళ్ళకు ఎదురు మాట్లాడ్తడా? తెల్లోళ్ళతోని గూడ గట్లనే జేసిండ్రా సార్?" అన్నాడు లింబాద్రి.

"చేశారు. ఇంగ్లీషు వర్తకులతో, తర్వాత అమెరికావాళ్ళతో. వాళ్ళ పక్కన నిలబడి యుద్ధాలు కూడా చేశారు." వెస్లీ సారు కాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. "చివరికి వాళ్ళే మమ్మల్ని మా నేల మీంచి పడమటికి తరిమారు."

"ఇంకెందుకు సార్ ఈ పద్ధతి?" రసూల్ వెటకారం చేశాడు.

"మా నాయనమ్మను నేనూ అదే అడిగాను. ఇంతకన్నా మంచిది నీకు తెలుసా అంది."

ఎవరికీ తెలీదు. అందుకని క్యాంపువాళ్ళు మౌలాలిని ఎంచుకున్నారు, డ్రైవర్లు లింబాద్రిని. "ఇక మీ మధ్య తెల్లదారి పడ్డట్టే," అన్నాడు వెస్లీ సారు; స్నేహానికి వాళ్ళలో ఆ పేరంట.

మర్నాడు చూస్తే విల్లా గేటు నుంచి క్యాంపు గేటు దాకా ఇసుకలో మూరెడు వెడల్పున తెల్లదారి పరుచుకుని ఉంది. గాలి ఎంత దుమ్ము లేపినా అది కప్పుకుపోయేది కాదు. నీళ్ళలారీ నడిపే పఠాను దాన్ని తొక్కకుండా పక్కనుంచి పోనిచ్చేవాడు. మౌలాలి కారుతోపాటు దాన్నీ ఊడ్చేవాడు, సగం వరకు. మిగతా సగం లింబాద్రి వంతు.

అబ్బ, ఎంత మంచి రోజులవి! శుక్రవారం వస్తే ఆ దారి మీద అట్నుంచి జొన్నరొట్టెలు, ఇట్నుంచి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. ఊళ్ళ నుంచి గొంతులు నింపుకొచ్చిన క్యాసెట్లు అందరూ కలిసి వినేవాళ్ళు. ఎవరి పెళ్ళాం తిట్టినా అందరూ పడేవాళ్ళు. గదిలో తగువొస్తే మాత్రం మౌలాలిది ఎప్పుడూ క్యాంపు పక్షమే.

"ఏం బావా, నిజామాబాదులో పుట్టినావా?" అని రసూల్ దెప్పేవాడు.

"పుట్టలేదు గానీ ఒప్పుకున్యా కదరా."

తొంభై ఆరులో వెస్లీ సారు పని ముగిసి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో ఆయన చెప్పింది ఒక్కటే, దారి ఊడుస్తూ ఉండమని. మౌలాలి తిరిగొచ్చేటప్పుడు కళ్ళు తుడుచుకుంటూనే కారు నడిపాడు.

ఆ ఎండాకాలమే రసూల్ జీపు వెనక్కి తీస్తూ ట్యాంకును గుద్దాడు. నీళ్ళన్నీ ఇసుక పాలు. భయంతో వాడు విల్లా యజమాని అర్బాబ్ దగ్గరికి పరిగెత్తి, క్యాంపువాళ్ళు పగలగొట్టారని లింబాద్రి పేరు చెప్పేశాడు. లింబాద్రికి ఏళ్ళ తరబడి పార పట్టాక అప్పుడే క్రేన్ డ్యూటీ దొరికింది. పోలీసులొస్తే వాణ్ణి విమానం ఎక్కించేస్తారు, మళ్ళీ ఈ దేశం మొహం చూడనివ్వరు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. మా అక్క మొగం జూసన్నా నోరు మూసుకో," అన్నాడు రసూల్.

మౌలాలికి భార్య మాబున్నీసా గుర్తొచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదీ తేల్చుకోకుండానే పడుకున్నాడు.

పొద్దున మంచం దిగబోతే కాళ్ళ కింద తెల్లదారి. తలుపు సందులోంచి దూరి మంచం దాకా వచ్చేసింది. ఎటు అడుగేసినా దాని మీదే పడుతోంది.

"సరేలేప్పా, వస్తాండా," అని గొణుక్కుంటూ చెప్పులు కూడా తొడుక్కోకుండా నడిచాడు. దారి తిన్నగా అర్బాబ్ ముందుకు తీసుకుపోయింది.

"అర్బాబ్, క్యాంపోళ్ళు కాదు. మా జీపే గుద్దింది. నడిపింది నేనే," అన్నాడు వచ్చీరాని అరబీలో.

ఆ మాట ఇంకా పూర్తికాలేదు, అదే దారి మీద అవతల్నుంచి లింబాద్రి రొప్పుతూ వచ్చాడు. "అర్బాబ్, డ్రైవర్లది తప్పు లేదు. నేనే పలగ్గొట్టిన!"

"నువ్వు ఊరుకో అబ్బీ, నేను గుద్దినా!"

"నువ్వే ఊకో అన్నా, నేను జేసిన!"

అర్బాబ్ ఇద్దరి కాళ్ళకేసీ చూశాడు. ఇంతలో వెనక నుంచి ఏడుపు వినిపించింది. రసూల్ కూడా వచ్చి ఆ దారి మీదే నిలబడ్డాడు. "జీపు నాది," అన్నాడు.

"యల్లా, ముగ్గురూ కలిసి ట్యాంకు బాగుచెయ్యండి. పోలీసు మాఫీ," అని అర్బాబ్ లోపలికి వెళ్ళిపోయాడు.

లింబాద్రి క్రేన్ ఎక్కాడు. ఆ రోజు దారి మొత్తం ఊడ్చింది రసూలే.

చాలా ఏళ్ళకు ఖతార్ వదిలి మౌలాలి రాయచోటికీ, లింబాద్రి నిజామాబాద్‌కూ వచ్చేశారు. ఆ శుక్రవారాల మాట మౌలాలి ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటాడు. ఒక పొద్దున మాబున్నీసా వాకిట్లోంచి కేకేసింది.

"ఏమయ్యా, వాకిట్లో ఈ సున్నం ఎవురు పోసినారు? రోడ్డు దాటి ఉత్తరంగా పోతాండాది!"

మౌలాలి బయటికొచ్చి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చీపురిట్టా ఇయ్యి," అన్నాడు. "మనం సగం ఊడిస్తే చాలు. మిగతా సగం వాడు ఊడ్చుకుంటా వస్తాంటాడు."