ఎగిరిన బొటనవేలు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. కుట్టుమెషిన్ ముందు అమ్మమ్మ, ఆమె కుర్చీ వెనకే అమ్మ, గుమ్మంలో కారు తాళాలు ఆడిస్తూ మామయ్య, కత్తిరింపు బల్లకి ఆనుకుని చిట్టి.

మతిమరుపు జబ్బు ముదిరిన అమ్మమ్మని వృద్ధుల హోమ్‌లో చేర్చడానికి మామయ్య వచ్చాడు. అమ్మ కాళ్లావేళ్లా పడుతోంది.

"ఆసుపత్రిలో పరీక్ష కోసం తల మీద అయస్కాంతం ఆనించగానే బొటనవేలు ఎగిరిందిరా. మిగతావాళ్లకి వేలు కదలాలంటే ఇంకా ఎక్కువ జోరు పెట్టాలట. అమ్మ చేతిలో సత్తువ ఉంది."

"వేలు ఎగిరితే సరిపోయిందా అక్కా? నిన్న స్టవ్ వెలిగించి మర్చిపోయింది. సరే, బల్ల మీది ఆ చొక్కాకి ఒక్క చెయ్యి అతికించమను. నోరెత్తకుండా వచ్చిన దారినే పోతా."

ఆసుపత్రిలో చిట్టి కూడా ఉంది. జబ్బు వల్ల చేతిని ఆడించే మెదడు భాగానికి కళ్లెం సడలిందని, అందుకే కాస్త కదిపినా వేలు ఎగిరిపడుతోందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ సగమే విని, ఆ సగాన్నే గట్టిగా పట్టుకుంది. మిగతా సగం బయటపెడితే అమ్మమ్మ వెళ్లిపోతుంది. చిట్టి ఆ చొక్కానీ, దాని విడి చెయ్యినీ తీసి అమ్మమ్మ ముందు పెట్టింది.

అమ్మమ్మ పాదాలు పెడల్‌ని వెతుక్కున్నాయి. చొక్కా చంకలో చెయ్యి కూర్చి, ముడత పడకుండా తిప్పుతూ కుట్టసాగింది. అచ్చం ఒకప్పటిలాగే. మామయ్య తాళాలు ఆడించడం ఆపేశాడు.

"మా అమ్మంటే ఏమనుకున్నావు," అంది అమ్మ.

చెయ్యి చుట్టూ కుట్టు పూర్తయింది. అమ్మమ్మ ఆగలేదు. కుట్టిన దాని మీదే మళ్లీ కుట్టు, మళ్లీ. వేగం పెరిగింది. వేళ్లు సూది కిందికి జరుగుతున్నాయి. అమ్మ చూస్తూనే ఉంది. ఆపితే ఓడిపోయినట్టే.

చిట్టి గభాల్న చక్రం పట్టుకుంది. మెషిన్ ఆగినా అమ్మమ్మ చేతులు బట్టను ముందుకు తోస్తూనే ఉన్నాయి.

"నడుస్తున్న మెషిన్ మీద చెయ్యేస్తావా పిల్లా, బుద్ధుందా," అని అమ్మమ్మ గదమాయించింది.

"ఇదేంటక్కా?" అన్నాడు మామయ్య.

"అలసిపోయింది, అంతే." అమ్మ చూపు చిట్టిని బతిమాలింది.

చిట్టికి ఆ సూదే కనిపిస్తోంది. "అది సత్తువ కాదు మామయ్యా. మెదడు పట్టు తప్పిందని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ కూర్చోబెడితే వేళ్లు పోతాయి."

మామయ్య వంగి అమ్మమ్మని మెల్లగా లేవదీశాడు.

"ఎక్కడికి బాబూ, కొలతలకా?" అని కొడుకునే పరాయివాడిలా అడుగుతూ ఆమె కారెక్కింది.

కారు శబ్దం వీధి చివర తగ్గిపోయింది. అమ్మ వెనుదిరిగింది. "అమ్మా," అంటూ చిట్టి ఆమె వెంట వెళ్లింది.

"నిన్నెవరడిగారే," అంది అమ్మ. లోపలి గదిలోకి వెళ్లి, చిట్టి ముఖం మీదే తలుపేసుకుంది.